నలభై ఒకటో ఫారం

పురుషోత్తం ఫారాన్ని నాలుగు ముక్కలుగా చింపాడు. సంతకం చోట కళ్యాణి పెన్సిల్‌తో పెట్టిన ఇంటూ గుర్తు సరిగ్గా నడిమికి చిరిగింది. చింపాడే గాని విసిరేయలేదు. ముక్కలన్నీ పేర్చి ఆమె చేతిలో పెట్టి, "ఎండల పడి వచ్చినవ్, మంచినీళ్ళు తాగి పో బిడ్డా" అన్నాడు.

కళ్యాణి నీళ్ళు తాగింది. పోలేదు. అరుగు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"బాపూ, ఓటరు లిస్టు మీద అభ్యంతరాలకు ఇయ్యాల్నే ఆఖరు. ఐదింటికి తహసీల్ ఆఫీసు మూస్తరు. ఇప్పుడు నాలుగున్నర."

"ఎరికే."

"చచ్చిపోయినోళ్ళ పేర్లు మన వార్డుల నలభై ఒకటి తేలినయి. నలభై ఇండ్లల్ల సంతకాలైనయి. నీదొక్కటే మిగిలింది."

"నలభై ఇచ్చుకో. ఒక్కటి లేకుంటే ఏమైతది?"

ఏమవుతుందో ఆయనకూ తెలుసు. ఎల్లారెడ్డిలో కళ్యాణి వాళ్ళ సంఘం పుట్టి పన్నెండేళ్ళు. పేరుకు మహిళా ఓటర్ల సంఘమే గాని, ఊరంతా 'ఓటక్కలు' అంటుంది. వాళ్ళు ఏ జెండా పట్టరు, ఏ పార్టీ చాయ్ తాగరు. వాళ్ళ రిజిస్టరు మొదటి పేజీలో ఒకే ఒక్క మాట ఉంది: ముందు మన ఇండ్లు, తర్వాత వాడ. రాసింది సంఘం పెట్టిన భూదవ్వ, పురుషోత్తం భార్య. ఆమె పోయి నాలుగు నెలలు.

"సంతకం పెట్టేటప్పుడు సాలవ్వ ఏమన్నదో ఎరికేనా?" అంది కళ్యాణి. "'మా ముసలాయన పేరు తీసేముందు మీ భూదవ్వ పేరు తీయుండ్రి. లేకుంటే నా కాయిదం నాకియ్యుండ్రి' అన్నది. అందరిదీ గదే మాట. నీ ఫారం అన్నిటి మీద పెట్టకుండ ఆ నలభై ఏ మొఖం పెట్టుకొని ఇయ్యాలె?"

"నువ్వే రాసి సంతకం పెట్టు. నీకు గూడ ఓటున్నది గద."

"పెట్టొచ్చు. కాని ఇంటి మనిషే రాయాలె, ఇంటి మనిషే సంతకం పెట్టాలె అన్నది అవ్వనే. నీకు ఇష్టం లేకుంటే పోయి ఆమెతోని కొట్లాడు."

ముసలాయనకు నవ్వు రాబోయి ఆగిపోయింది. "రేషన్ కార్డులకెల్లి తీసేసిండ్రు. బీడీ పింఛను బందు పెట్టిండ్రు. ఆఖరికి ఆ లిస్టుల ఒక్కకాడ ఇద్దరం పక్కపక్కన ఉన్నం. కారణం అని ఒక గడి ఉన్నది చూడు, అండ్ల ఆ మాట నా చేత్తోని రాయమంటవా? కామారెడ్డి బస్సు డిపోల ముప్పై ఏండ్లు టికెట్లు కొట్టిన చెయ్యి బిడ్డా. ఆ ఒక్క మాట రాయనీకి దానికి శాతగాదు."

కళ్యాణి చిరిగిన ముక్కలను మళ్ళీ పేర్చుకుంది. లేవలేదు.

గేటు ముందర బండి ఆగింది. దిగినవాడు చక్రధర్, ఒక పార్టీకి పోలింగు ఏజెంటు.

"ఏంది ఓటక్కా, బాపును సతాయిస్తున్నవ్?" అంటూ వచ్చి, పురుషోత్తం పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేశాడు. "ఉండనియ్యి బాపూ. అవ్వ పేరుంటే ఎవలికేం నష్టం? నాలుగు వందల పన్నెండు నువ్వు, నాలుగు వందల పదమూడు అవ్వ. జంటగ ఉండుండ్రి."

పురుషోత్తం మెల్లగా అతనివైపు తిరిగాడు.

"నా నంబరు నాకే యాదికి లేదు. ఆమె నంబరు నీ నోటికెట్ల వచ్చింది చక్రధర్?"

"అంటే... లిస్టు చూస్తుంటం గద. ఊకెనే..."

"పన్నెండు వందల పేర్లల్ల?"

చక్రధర్ చెయ్యి భుజం మీది నుంచి జారింది.

"ఈ ఒక్కటేనా, నలభై ఒక్క నంబర్లు నోటికొస్తయా తమ్మీ?" అంది కళ్యాణి.

చక్రధర్ మోగని ఫోను తీసి చెవికి పెట్టుకుని, "ఆ అన్నా, వస్తున్న" అంటూ బండి వైపు నడిచాడు.

పురుషోత్తం లేచి నిలబడ్డాడు. "నా పెండ్లాం పేరు చెప్పి ఇంకొకతె వేలికి సిరా పూసుకుంటదా? తే బిడ్డా, ఫారం తే."

కళ్యాణి చెయ్యి చాచి చూపింది. చేతిలో నాలుగు ముక్కలున్నాయి. "ఇదొక్కటే ఉండె బాపూ."

గోడ గడియారంలో పదిహేను తక్కువ ఐదు. ఖాళీ ఫారాలు దొరికే జిరాక్స్ దుకాణం బస్టాండు దగ్గర. అక్కడికి పోయి వచ్చేసరికే ఆఫీసుకు తాళం పడుతుంది.

"లోపట అవ్వ సంచి ఉంటది, చూడు" అన్నాడాయన. "ఆమె కాడ ఖాళీ ఫారాలు ఎప్పుడూ ఉంటుండె."

కొయ్యకు వేలాడుతున్న గుడ్డసంచిని నాలుగు నెలలుగా ఎవరూ తాకలేదు. అందులో ఒక పెన్సిలు ముక్క, మడత పెట్టిన ఒకే ఒక్క ఫారం. కళ్యాణి మడత విప్పింది. గుమ్మంలోనే ఆగిపోయింది.

"బాపూ, ఇది ఖాళీది గాదు. రాసి ఉన్నది."

"ఎవలిదో రాసి, ఇచ్చుడు మరిచినట్టుంది. ఎవలిదది?"

కళ్యాణి చెప్పలేక కాగితం ఆయన చేతికిచ్చింది. పెద్దయ్యాక చదువు నేర్చుకున్న రాత అది. ముందు అక్షరాలన్నీ రాసేసి, తర్వాత ఒక్కొక్కదానికి గిన్నెలకు మూతలు పెట్టినట్టు తలకట్లు పెట్టిన రాత. ఆయన అద్దాలు సర్దుకున్నాడు.

తొలగించాల్సిన పేరు దగ్గర 'భూదవ్వ' అనీ, కారణం గడిలో 'మరణం' అనీ తన చేత్తోనే రాసిపెట్టి, సంతకం చోట భర్త కోసం పెన్సిల్‌తో ఇంటూ గుర్తు పెట్టి, ఒక్క తేదీ మాత్రం ఖాళీగా వదిలి వెళ్ళింది భూదవ్వ.