రేకుకు లోపలి వైపు

కాఫీ వ్యాను పెద్దాయనకు ఒక పాడు అలవాటు ఉండేది.

డబ్బులు తీసుకునేవాడు, కాఫీ పోసేవాడు, కానీ కప్పు మాత్రం వదిలేవాడు కాదు.

"ఇవాళ ఏం నేర్పారు?" అనేవాడు.

చెప్తేనే కప్పు చేతికొచ్చేది.

రేకుపని యూనియన్ వాళ్ల శిక్షణశాల గేటు ముందు పన్నెండేళ్లుగా ఇదే తంతు. పక్కనున్న సరస్సు మీంచి వచ్చే చలిగాలికి చెవులు ఊడిపోతున్నా, అప్రెంటిస్‌లందరూ వరసలో నిలబడి పాఠం అప్పజెప్పి మరీ కాఫీ తాగేవాళ్లు.

వర్నీస్‌కు మాత్రం ఒళ్లు మండేది.

ఆమెకు ఇరవై ఎనిమిదేళ్లు. ఆస్పత్రి లాండ్రీలో ఏడేళ్లు దుప్పట్లు మడిచింది. దరఖాస్తు పెట్టి రెండేళ్లు ఎదురుచూస్తే ఈ చోటు దొరికింది. ఫీజు లేదు, పైగా నేర్చుకున్నన్నాళ్లూ జీతం. నాలుగేళ్లు గట్టెక్కితే యూనియన్ కార్డు, దాంతో జీవితాంతం పని.

కానీ ఆరో నెలలో పరీక్ష ఉంటుంది. రెండుసార్లు తప్పితే మళ్లీ ఆ దుప్పట్లే గతి.

"ఇవాళ ఏం నేర్పారమ్మాయ్?"

"గాలి గొట్టానికి మలుపు. కుడివైపు తిరిగేది."

"అతుకు కోసం ఎంత వదలమన్నారు?"

"అంగుళం."

"రెండు పక్కలా అంగుళమేనా?"

"ఒక పక్క అంగుళం, రెండో పక్క పావు. ఇంతకీ నువ్వు కాఫీ అమ్ముతావా, రేకులు అమ్ముతావా?"

పెద్దాయన పకపకా నవ్వి కప్పు వదిలాడు. "ఒక పక్క పావు," అని తనలో తాను అనుకుంటూ పెనం మీద గుడ్డు తిరగేశాడు.

ఈయనకెందుకు ఇవన్నీ అని వర్నీస్‌కు అంతుపట్టేది కాదు. అడగడానికి మనసొప్పేది కాదు.

మొదటి పరీక్ష రానే వచ్చింది.

కొలతలు సరిగ్గా తీసింది. గీతలు సరిగ్గా గీసింది. గీత తప్పకుండా కత్తిరించింది. తీరా మడత యంత్రంలో పెట్టేటప్పుడు రేకును తిరగేసి పెట్టింది.

కుడికి తిరగాల్సిన మలుపు ఎడమకు తిరిగింది.

"దాచుకో వర్నీస్! అద్దంలో తిరగబడి కనబడే బిల్డింగుకి పనికొస్తుంది," అన్నాడు పక్క బల్ల కుర్రాడు. అందరూ గొల్లుమన్నారు.

శిక్షణ ఇచ్చే బ్రేసీ గారు నవ్వలేదు. "వచ్చే శుక్రవారం మళ్లీ చెయ్యి. అదే ఆఖరు," అన్నాడు.

ఆ ముక్కను చంకలో పెట్టుకుని, ఏడుపు ఆపుకుంటూ వ్యాను దగ్గరికి వచ్చింది వర్నీస్.

పెద్దాయన కిటికీలోంచి చెయ్యి చాపి, అడక్కుండానే దాన్ని అందుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కొలత తప్పలేదమ్మాయ్. రేకు తిరగబడింది. చూడు, లోపలికి పోవాల్సిన గీతలన్నీ బయటే ఉన్నాయి. ఈసారి గాలి పోయే వైపున నీ పేరు రాసుకో. మడవబోయే ముందు పేరు నీకేసి చూస్తోందా లేదా..."

"నాకు కాఫీ ఇస్తే చాలు."

"ఇస్తానులే. పేరు గనక కింద పడిందంటే..."

"అంత తెలిసినవాడివైతే ఆ గుమ్మం లోపల ఉండేవాడివి కదా పెద్దాయనా! ఇక్కడ గుడ్లు వేయించుకుంటూ ఎందుకున్నావ్?"



పెద్దాయన రేకును జాగ్రత్తగా వెనక్కిచ్చాడు. కప్పుకు మూత పెట్టాడు.

"అదీ నిజమేలే," అన్నాడు.

ఆ రోజు ఏం నేర్పారని అడగలేదు.

అనేసిందే గానీ, రాత్రికి వర్నీస్‌కు అన్నం సయించలేదు. సోమవారం పొద్దున్నే క్షమాపణ చెప్పుకుందామని వచ్చింది. వ్యాను లేదు. మంగళవారమూ లేదు. నామీద అలిగాడేమో అనుకుంది.

శుక్రవారం పరీక్షలో గీతలు గీశాక, ఒక్క క్షణం తటపటాయించి, రేకు మీద పెద్దక్షరాలతో 'వర్నీస్' అని రాసింది.

యంత్రంలో పెట్టి పిడి ఎత్తబోతూ చూసింది. పేరు కనబడలేదు. కింద పడి ఉంది.

రేకు తీసి, తిరగేసి పెట్టి మడిచింది.

మలుపు కుడికే తిరిగింది.

బ్రేసీ గారు గొట్టంలోకి తొంగిచూసి, ఆ పేరు చదివి, గొట్టాన్ని మెల్లగా బల్ల మీద పెట్టాడు.

"ప్యాసయ్యావు. ఇలా రాసుకోమని ఎవరు చెప్పారు?"

"కాఫీ పెద్దాయన సార్. వారం నుంచీ కనబడ్డం లేదు. నేనే ఓ మాట తూలాను."

"లెముయెల్ ఆదివారం పోయాడమ్మా. గుండెపోటు. రేపే చర్చిలో ఆఖరి ప్రార్థన."

ఆయన పేరు లెముయెల్ అని ఆమెకు అప్పుడే తెలిసింది.

"ఆయనకి ఈ పని ఎవరు నేర్పారు సార్?"

"మీరే. రోజుకో ప్రశ్న చొప్పున ఒక్కో బ్యాచ్‌నీ అడిగి నేర్చుకున్నాడు."

"అంత ఇష్టముంటే దరఖాస్తు పెట్టుకోవాల్సింది."

"నాలుగుసార్లు పెట్టాడు. అప్పట్లో లోపలున్నవాడి కొడుక్కో, మేనల్లుడికో తప్ప ఇక్కడ చోటుండేది కాదు. లోపలున్న వాళ్లలో మనలాంటి నల్లజాతివాడు ఒక్కడూ లేడు."

వర్నీస్ ఆయన నల్లటి చేతుల కేసి చూసింది.

"మరి మీరెలా వచ్చారు సార్?"

"లెముయెల్ వేసిన కేసు గెలిస్తే వచ్చాను," అన్నాడు బ్రేసీ. "పదకొండేళ్లు కోర్టు చుట్టూ తిరిగి మనకి ఈ గుమ్మం తెరిపించాడమ్మా, తీర్పు వచ్చేసరికి ఆయనకి ముప్పై ఆరేళ్లు, ముప్పై దాటినవాళ్లని ఇక్కడ తీసుకోరు."