డిస్పాచమ్మ సీటు

టికెట్టు వాపసు తీసుకోనంటే తీసుకోనన్నాడు టూరు బస్సువాడు.

"మనిషే పోయిందయ్యా బాబూ!" అంది సూపర్నెంటమ్మ ఫోన్లో.

"అయ్యో పాపం. ఆవిడ సీట్లో ఇంకొకర్ని పంపండి మేడమ్," అన్నాడు వాడు.

మనిషి పోయినా టికెట్టు పోదు. ఆ ఇంకొకరు ఎవరా అనుకునేలోపే, పోయినావిడ మొగుడు సంచీ సర్దుకుని తయారయ్యాడు.

పోయినావిడ ఆఫీసులో డిస్పాచ్ క్లర్కు. అందరికీ డిస్పాచమ్మ. సూపర్నెంటమ్మకీ, టైపిస్టుకీ, ఆవిడకీ పాతికేళ్ల స్నేహం. ముగ్గురూ కలిసి నగరం చూసొద్దామని ఆర్నెల్ల ముందే టికెట్లు కొన్నారు. మూడు నెలల కిందట డిస్పాచమ్మ సెలవుచీటీ కూడా పెట్టకుండా గుండెపోటుతో వెళ్లిపోయింది.

మొగుడు తూనికలు కొలతల శాఖలో పనిచేసి రిటైరైనవాడు. మంచివాడే గానీ అంటుకుంటే వదలడు. అందుకని స్నేహితురాళ్లు ఆయనకి బంక అని పేరు పెట్టారు. ఎదురుపడితే మాత్రం అన్నయ్యగారూ.

ఆ అన్నయ్యగార్ని భరించక సూపర్నెంటమ్మకి తప్పదు. ఆవిడ కొడుకూ, ఆయన కూతురూ ఇష్టపడ్డారు. ఆ పిల్ల కాకపోతే పెళ్లే వద్దని కొడుకు నెల్లాళ్లుగా కంచం ముందు అలుగుతున్నాడు. ఇక ఆయన ఊఁ అనడమే తరువాయి.

"మా ఆవిడుంటే తనే చెప్పేది చెల్లెమ్మగారూ. రోజంతా కలిసి తిరుగుతాంగా, బస్సు దిగేలోపు చెప్తాను," అన్నాడాయన.

అందుకని సూపర్నెంటమ్మ ఆ పూటకి నోరు కట్టేసుకుంది. వేళ్లు కట్టేసుకోవడం మర్చిపోయింది.

స్నేహితురాళ్లకి ఫోన్లో ఓ గ్రూపుంది. డిస్పాచమ్మ పోయాక ఆవిడ నంబరు తీసేద్దామని టైపిస్టు అంటే, సూపర్నెంటమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. "మనిషిని ఇంట్లోంచి గెంటినట్టు కాదుటే?" అంది. అలా స్నేహితురాలి జ్ఞాపకం పదిలంగా మిగిలింది. పైసా ఖర్చు లేకుండా.

బస్సు కదిలింది. ముగ్గురు పట్టే సీట్లో కిటికీ పక్కన ఆయన. ఫోన్ తీసి కనిపించిన ప్రతి గోడకీ ఫోటో తీస్తున్నాడు. ఫోనుకి గులాబీపూల కవరు.

"పెళ్లాం కవరు తన ఫోనుకి తొడిగాడు చూశావా? జ్ఞాపకమట! కొత్తది కొనడానికి చెయ్యి రాక," అని సూపర్నెంటమ్మ గ్రూపులో కొట్టింది. "పైగా కిటికీ కూడా ఆయనకే కావాలి."

టైపిస్టు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని నవ్వింది.

రెండు నిమిషాలకి ఆయన లేచాడు. "చెల్లెమ్మగారూ, మీరిలా రండి. ఇక్కణ్ణించి బాగా కనిపిస్తుంది."

క్లాక్ టవరు ఎక్కేటప్పుడు ఆయన అందరికీ వినపడేలా మెట్లు లెక్కపెట్టాడు. నూట పన్నెండు, నూట పదమూడు... మధ్యలో ఆయాసం తీర్చుకోవడానికి అందరూ ఆగారు. ఆయనేదో ఫోటో చూసుకుంటున్నాడు.

"ఇక్కడ కూడా కొలతలేనా! ఎవరైనా ఆ నోటికి సీలు వేయండర్రా," అని కొట్టింది సూపర్నెంటమ్మ.

తర్వాత ఆయన కిక్కురుమనలేదు. పైకెళ్లాక టైపిస్టే ఆగలేక అడిగింది. "మొత్తం ఎన్ని మెట్లండీ?"

"లెక్క తప్పిందమ్మా," అన్నాడు.

భోజనాల దగ్గర సూపు జుర్రడం మొదలెట్టాడు. వానాకాలం తూము పక్కన కూర్చున్నట్టుందని గ్రూపులోకి ఎక్కింది. గిన్నె సగంలో ఉండగానే ఆయన చెంచా పక్కన పెట్టేశాడు. ఆకలి లేదట. ఆయన రొట్టె టైపిస్టు తినేసింది.

సాయంత్రం నది ఒడ్డున బెంచీల మీద కూర్చున్నారు. ఆయన కాస్త దూరంగా.

"ఏమే, మనం అనుకోవడం ఆలస్యం, ఆయన మారిపోతున్నాడు! పైనుంచి డిస్పాచమ్మే సర్దుతోందంటావా?" అంది టైపిస్టు గుసగుసగా.

సూపర్నెంటమ్మకి గుండె కరిగింది. డిస్పాచమ్మ ప్రతి కవరు మీదా చిరునామా రెండుసార్లు చదివేది. ఎవరికి పోతోందో చూసుకోకుండా చీటీముక్క కూడా పంపొద్దని అందరికీ సుద్దులు చెప్పేది. అది తలుచుకుని ఇద్దరూ ముక్కులు చీదుకున్నారు.

"నువ్వెక్కడున్నా మా మాటలన్నీ వింటున్నావే తల్లీ," అని సూపర్నెంటమ్మ గ్రూపులో రెండు దండాలూ, ఓ గుండె బొమ్మా పెట్టింది. చెయ్యి ఊరుకోక వెంటనే ఇంకోటి. "మీ పిల్ల బంగారమే. బంకనే ఎలా వదిలించుకోవాలో! పెళ్లవనీ, మా గడప తొక్కనిస్తే ఒట్టు."

దూరంగా ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నాడు.

"ఏడుపు కూడా మొదలైంది. ఇక బస్సుదాకా మనమే మోయాలి," అని ఆఖరి మెసేజీ.

తిరుగు బస్సులో ఆయన ముందు వరసలో ఒక్కడే కూర్చున్నాడు. సూపర్నెంటమ్మ ముందుకి వంగి, గొంతులో తేనె కలుపుకుంది.

"అన్నయ్యగారూ, మన పిల్లల సంగతి..."

"మొహం మీద చెప్పడం బాగుండదు చెల్లెమ్మగారూ," అన్నాడాయన మర్యాదగా. "రాసి పంపిస్తాను."

ఊఁ అన్నట్టేనని సూపర్నెంటమ్మ టైపిస్టు డొక్కలో పొడిచింది. ఆయన కాసేపు తలొంచుకుని కూర్చుని, గులాబీల కవరు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. సూపర్నెంటమ్మ ఫోన్ టింగుమంది.

దిగడానికి ఇంకా రెండు స్టాపులే ఉన్నాయి, కాస్త పెద్దమనసు చేసుకుని, గ్రూపులో డిస్పాచమ్మ నంబరు నుంచి వచ్చిన "మీ పిల్లాడూ బంగారమే చెల్లెమ్మగారూ, తల్లినే ఇంకా తూకం వేస్తున్నాను" అన్న మెసేజీకి ఈవిడ ఏమని జవాబివ్వాలో మీరైనా చెప్పి పుణ్యం కట్టుకోండి బాబూ!