వర్జిల్‌కి ఏ పాట పాడాలి?

“ఆపవే తల్లీ! అది తిరిగొచ్చినవాణ్ణి ఎవరూ పలకరించని పాట. మా తమ్ముడు బజారులో అడుగు పెట్టగానే అది ఎత్తుకున్నావంటే, వచ్చిన దారినే మళ్లీ యుద్ధానికి పోతాడు,” అంది విల్మాడీన్, ఒళ్లోని గిటారు తీగలు అరచేత్తో నొక్కేస్తూ.

ఓజెల్లా గబుక్కున నోరు మూసుకుంది. రొట్టెల పిండి చేతిలో అలాగే ఉండిపోయింది.

సాయంత్రం ఆరింటికి సైనికులు కవాతు చేస్తూ కెల్సో క్రీక్ బజారులోకి వస్తారు. ఆ కవాతు ప్రాణాలతో మిగిలినవాళ్లకే. ఒక్కొక్కడూ తన వాళ్ల ముందుకు రాగానే ఆ ఇంటి ఆడవాళ్లు స్వాగతం పాట ఒకటి పాడాలి. టెనెసీ కొండల్లో ఆ ఊరికి అదో మర్యాద. వర్జిల్ వెళ్లేటప్పుడు పెళ్లాన్ని కోరింది కూడా అదొక్కటే.

“పాట మాత్రం అదిరిపోవాలి ఓజీ. నేను చివరిదాకా బతికి తీరతాను, ఒట్టు,” అన్నాడు వాకిట్లోంచి.

ఓజెల్లా గుమ్మం దాకా వెళ్లలేదు. పొయ్యి మీద ఏదో మాడుతోందని కేకేసి వంటింట్లోనే ఉండిపోయింది. నిజానికి ఏదీ మాడలేదు. చిన్నప్పుడు అన్న డ్వైట్ బస్సెక్కి సైన్యానికి వెళుతుంటే చెయ్యూపింది. ఆ చెయ్యి దించాక అన్న మళ్లీ కనిపించలేదు. అప్పటినుంచీ, తుపాకీ భుజాన వేసుకుని ఎవరు గడప దాటుతున్నా, ఆమె రెండు చేతులూ ఏప్రన్‌లో దాచేసుకుంటుంది.

“పోనీ, తాతయ్య కాలం పాట పాడనా వదినా? రైల్వే స్టేషన్లో బ్యాండు మేళం, ముక్కూ మొహం తెలియని ఆడపిల్లలు పరిగెత్తుకొచ్చి ముద్దులు పెట్టెయ్యడం...”

“పాడు. ఆనక మన వీధి ఆడపిల్లలంతా నీ మొగుడి మీద పడితే నన్ననకు.”

“ఆ గడ్డం చూసి ఎవరొస్తారులే!”

“అవును, ఉడతలొస్తే రావాలి. ఇందాక నువ్వు ఎత్తుకున్నది మీ బాబాయి యుద్ధం పాట. మూడేళ్లు మంచులో పోరాడి వస్తే, మంగలి ‘ఏం, ఊళ్లో లేవా?’ అని అడుగుతాడు. వినేవాడికి ఏడుపొచ్చి చస్తుంది.”

“డ్వైట్ అన్న కాలం పాటయితే...” అని ఆగిపోయింది ఓజెల్లా. ఆ పాటలో కుర్రాడు జనం తిడతారని విమానాశ్రయం మరుగుదొడ్లో యూనిఫారం విప్పి సంచిలో కుక్కేసుకుంటాడు. ఎవరికీ కనపడకుండా దొడ్డిదారిన ఇల్లు చేరతాడు. “అది వద్దు వదినా. దొడ్డిదారినైనా వస్తే చాలనుకున్నాం మేము. అమ్మ ఎన్నేళ్లు దొడ్డి తలుపుకి గడియ పెట్టలేదో!”

విల్మాడీన్ సరిగ్గానే ఉన్న తీగను మళ్లీ బిగించింది.

“ఇప్పటి పాటలున్నాయిగా,” అంది. “విమానం దిగగానే చప్పట్లు, చెట్టు చెట్టుకీ స్వాగతం చెప్పే పసుపు రిబ్బన్లు, ట్రక్కు నిండా చల్లటి బీర్లు. బీర్లంటే మావాడికి ప్రాణం.”

“బాగానే ఉంటుంది. కానీ అది ఆయన యుద్ధం కాదు కదా. ఆయన యుద్ధం మీద రేడియోలో ఒక్క పాటా రాదేం వదినా?”

“రాకపోతే మనమే కడదాం. రాగం నాది, మాటలు కూడా నావే. నువ్వు గొంతు కలుపు.” విల్మాడీన్ కళ్లు మూసుకుని అందుకుంది:

“గడ్డం పెంచిన మొనగాడొచ్చె, గుండీలూడిన కోటొచ్చె,
ముందు బొజ్జా, వెనక తుపాకీ, మా ఇంటి దండు దిగివచ్చె!”

“బొజ్జ తీసెయ్ వదినా, ఊరంతా వింటుంది!”

“బొజ్జ తీసేస్తే వాణ్ణెవరు గుర్తుపడతారే?”

ఓజెల్లాకి నవ్వాగలేదు. వర్జిల్ వెళ్లినప్పటినుంచి అదే మొదటి నవ్వు. కోటుకి రెండంగుళాలు వదులు పెట్టింది తనే, అయినా పై గుండీ పట్టలేదు. పిండి చేతులతోనే తాళం వేస్తూ గొంతు కలిపింది. మూడోసారికి పాట కుదిరింది. నాలుగోసారికి పక్కింటి కుక్క కూడా అందుకుంది.

“ఇక ఎన్నిసార్లయినా పాడతాను,” అంది ఓజెల్లా ఉత్సాహంగా. “ఆయన రావడమే తరువాయి.”

అప్పుడు ఫోను మోగింది. దగ్గరున్న విల్మాడీన్ తీసింది.

“ఎవరూ, కెప్టెన్ గారా? చెప్పండి... ఆఁ?... ఎప్పుడూ?... అయ్యో!”

ఆమె ముఖం గోడవైపు తిప్పేసుకుంది. భుజాలు అదరసాగాయి.

“ఏమైంది వదినా?”

విల్మాడీన్ ఫోను పెట్టేసింది.

“ఏమైంది చెప్పు!”

“వర్జిల్...” అంది విల్మాడీన్ గోడవైపే తిరిగి. “పదింటికే పోయాడట ఓజెల్లా. మొదటి తుపాకీ మోతకే పడిపోయాడట.”

ఓజెల్లా కుర్చీలో కూలబడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. “ఒట్టేసి చెప్పాడు వదినా. చివరిదాకా బతుకుతానని ఒట్టేశాడు. ఇంత కష్టపడి నేర్చుకున్నానే, ఇప్పుడీ పాట ఎవరికి పాడను?”

విల్మాడీన్ ఇటు తిరిగి కళ్లు తుడుచుకుంది.

“ఏడుపాపి కోడి వేయించు, ఆ పాతకాలం యుద్ధ నాటకంలో చచ్చినవాళ్లంతా భోజనాలకి బయల్దేరారు, నాలుగింటికి రెండో ఆటలో మళ్లీ చావాలట!”