వావిలాకు నూనె

సూరత్‌లోని వడోద్ ప్రాంతంలో మేముండేది. మరమగ్గాల కార్ఖానాలో మా ఆయన కుడిచేతి మీద నూలు చుట్టిన బరువైన బీము పడి రెండు నెలలైంది. అప్పటి నుంచి రోజూ పొద్దున నువ్వుల నూనెలో వావిలాకు వేసి కాచి, గోరువెచ్చగా అయ్యాక ఆ చేతికి మర్దన చేస్తున్నాను.

“ఎట్లుంది?” అని అడిగితే, “మస్తు హాయిగుంది. నీ చేతిల మందున్నది రజితా,” అనేవాడు. నేను సిగ్గుతో తల వంచుకునేదాన్ని.

తెగిన దారాన్ని వేళ్లతో తడిమి ముడి వేయగలిగితేనే మళ్లీ పనిలోకి తీసుకుంటారు. సోమవారం రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటానని సేఠ్ చెప్పి పంపాడు.

ఈ రోజు నూనె పొయ్యి మీద నుంచి దించుతుండగానే సేఠ్ ఫోన్ చేశాడు. ఆయన ఎడమచేత్తో ఫోన్ పట్టుకుని, కుడిచేయి నా ముందు చాపాడు. సేఠ్ ఏమంటాడోనన్న కంగారులో నేను నూనె వేడి చూసుకోలేదు. గరిటెతో తీసి ఆయన అరచేతిలో పోశాను.

నా వేలి మీద ఒక్క చుక్క చిందింది. చురుక్కుమంటే వేలు నోట్లో పెట్టుకున్నాను. ఆయన చేయి మాత్రం కదలలేదు.

“ఏక్‌దమ్ ఠీక్ హై సేఠ్. ఉంగ్లీ సబ్ చల్తా హై. సోమవార్ కో ఆతా,” అని, వేళ్లన్నీ బాగా ఆడుతున్నాయని, సోమవారం వచ్చేస్తానని నవ్వుతూ చెబుతున్నాడు.

నేను కొంగుతో గబగబా తుడుస్తుంటే అరచేయి ఎర్రగా పొంగుతోంది.

ఫోన్ పెట్టేసి ఆయన నా ముఖం చూశాడు. తర్వాత తన అరచేయి చూశాడు.

అప్పుడు చేయి వెనక్కి లాక్కుని, “అబ్బా, గింత వేడి పోస్తరానే? కాలింది,” అన్నాడు.