కాగితంలో నిలిచే రైలు

ఎంపీ నాయనా,

కరోనా నాడు మా హాల్టులో రైలు నిలపడం మానేసినారు. ఐదేండ్లు అర్జీలు పెట్టినా. నువ్వు పార్లమెంటులో అడిగితే, పొద్దున ఏడింటికి నిలుస్తాందని మంత్రి రాసిచ్చినాడు. ఆ కాగితం నీ మనిషే ఊర్లో పంచినాడు.

సోమవారం మా ఇంటామె నరసమ్మను మార్కాపురంలో డయాలసిస్‌కని హాల్టుకు తీసకపోయినా. రైలు కూతేసి మా ముందరే పోయింది.

"మనల్ని చూడలేదేమో, చెయ్యెత్తయ్యా" అనింది.

ఆ దినం డయాలసిస్ తప్పింది. కాళ్ళు వాచి లేవలేకుండా ఉంది.

ఎప్పుడూ మార్కాపురం తీసకపోయే ఆటో సోమవారం రాలేదనుకుంటాంది ఆమె. ఆటోవాడు పొద్దున్నే వచ్చినాడు. పార్లమెంటు మాట తప్పదని నేనే వెనక్కి పంపినా. ఇప్పుడు పిలిస్తే, "నీ పార్లమెంటు రైలెక్కు పో, తాతా" అంటాండాడు.

గురువారం మళ్ళీ డయాలసిస్. బుధవారంలోగా జవాబియ్యి. ఆ కాగితంలో రైలు ఏడ నిలుస్తాదో రాయి. ఆమెను ఆడికే ఎత్తుకొస్తా.

ఇట్లు,
కాశయ్య