రెట్టింపు బలం

ఆటో డ్రైవరు కూరగాయల కొట్టువాణ్ణి చొక్కా పట్టి కాటా మీదకు తోశాడు. కొట్టువాడి పెదవి చిట్లింది. బుట్ట తిరగబడి టమాటాలు నేలపాలయ్యాయి. వంకాయలు ఏరుతున్న ఆవిడ గోడకు అతుక్కుపోయింది.

"ఒట్టన్నా, నీకిచ్చినవన్నీ రసాయన ఎరువూ పురుగుమందూ వెయ్యనివే. మామూలువి ఒక్కటి కూడా కలపలేదు," అన్నాడు కొట్టువాడు. సరుకులో మోసం అతడెన్నడూ ఎరగడు.

రెండో దెబ్బ చెవి మీద పడింది.

"సరుకు సంగతి ఎవడడిగాడు? మా పిల్ల బడిలో కళ్లు తిరిగి పడిపోయింది. తిండి చాలట్లేదన్నాడు డాక్టరు."

"రోజూ కొంటూనే ఉన్నావుగా."

"రెట్టింపు బలమన్నావు. ధరా రెట్టింపే. సగం పెడితే సరిపోతుందనుకున్నా."

మళ్లీ లేచిన పిడికిలి గాల్లోనే ఆగింది. డ్రైవరు దానితో తన మొహమే బాదుకోసాగాడు. కొట్టువాడు ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"నిన్ను నువ్వు కొట్టుకోకు. ఆ మాట అమ్మింది నేను. కానియ్, నన్నే కొట్టు."

డ్రైవరు కూలబడిపోయాడు.

కాసేపటికి గోడ దగ్గరి ఆవిడ మెల్లగా అడిగింది. "మందు వెయ్యనివీ మామూలువీ, వేటిలో బలమెక్కువ బాబూ?"

కొట్టువాడు పెదవి మీది నెత్తురు తుడుచుకున్నాడు.

"చెప్పుకోదగ్గ తేడా లేదమ్మా. కడుపునిండా పెట్టగలిగినవి తీసుకెళ్లండి."