నాలుగో నంబరు సిస్టమ్

"నాలుగో నంబరు కూడా చెరిపేశారా బాబాయ్ గారూ?"

అవనిగడ్డ నెట్ సెంటర్ గడపలోనే ఆగి అడిగింది మాధవి. లోపల కంప్యూటర్లకు వైరస్ పట్టిందట, పొద్దుట్నుంచీ మెకానిక్ ఒక్కొక్కదాన్నే ఫార్మాట్ చేస్తున్నాడు. ఆ మాట వినగానే ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి.

పోవూ మరి! రొయ్యల చెరువులకు మేత లెక్కగట్టే ప్రోగ్రామ్‌ని రెండేళ్లు కూర్చుని రాసింది. మేత కంపెనీ వాళ్లు దాన్ని సీడీల్లో రైతులకు పంచుతామన్నారు. కానీ ఇన్‌స్టాల్ చేయబోతే చాలు, 'ఇది ఎవరు తయారుచేశారో తెలియదు, జాగ్రత్త' అని కంప్యూటర్ బెదిరిస్తోంది. ఫైలుకి డిజిటల్ సంతకం చేసి ఈ సాయంత్రానికల్లా పంపు, లేకపోతే వేరేవాళ్లది తీసుకుంటాం అని తేల్చి చెప్పేశారు.

ఆ సంతకానికి సర్టిఫికెట్ కావాలి. పది రోజుల కిందట ఇక్కడే, నాలుగో నంబరు దగ్గర కూర్చుని దరఖాస్తు పెట్టింది. సంతకం చేసే రహస్య తాళం ఆ కంప్యూటర్‌లోనే పుట్టింది. సర్టిఫికెట్ వచ్చాక దాన్ని మళ్లీ ఆ కంప్యూటర్‌లోనే దించుకోవాలి. ఆ తాళం చెరిగిపోయిందా, కథ మళ్లీ మొదటికే.

"ఏంటమ్మాయ్ ఆ కంగారు!" ఓనరు పూర్ణచంద్రరావు పకపకా నవ్వాడు. "రోజుకోసారి ఫోన్ చేసి నా ప్రాణం తీశావు కదా. నాలుగో నంబరు మీద ఈగని కూడా వాలనివ్వలేదు. అదుగో, దుప్పటి కప్పి మరీ ఉంచా. దాని జోలికెళ్తే కాళ్లు విరగ్గొడతానని మెకానిక్‌కీ చెప్పా."

"బతికించారండీ!"

మాధవికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. దుప్పటి లాగి కూర్చుంది. మెయిల్ తెరిచి, సర్టిఫికెట్ లింకు నొక్కింది.

'దీనికి సంబంధించిన తాళం ఈ కంప్యూటర్‌లో లేదు.'

మళ్లీ నొక్కింది. మళ్లీ అదే. మూడోసారీ అదే.

"బాబాయ్ గారూ... లేదంటోందండీ."

"ఎందుకుండదు? సరిగ్గా చూడమ్మా."

"మూడుసార్లు చూశాను. నిజం చెప్పండి, దీన్ని ముట్టుకున్నారు కదూ?"

"మా అమ్మ తోడు, ముట్టుకోలేదు!" ఆయన నొచ్చుకున్నాడు. "దుమ్ము కూడా దులపలేదు. పది రోజులూ ఈ బల్ల దగ్గర ఎవర్నీ కూర్చోనివ్వలేదు. కావాలంటే మెకానిక్‌ని అడుగు."

"మరి అదెక్కడికి పోతుందండీ? నేను ఆ రోజు చేసింది దీంట్లోనేగా!"

పూర్ణచంద్రరావు దగ్గరకొచ్చాడు. వంగి బల్ల కింద ఉన్న సీపీయూ వైపు చూశాడు. నెత్తి కొట్టుకున్నాడు.

"అయ్యయ్యో తల్లీ... మొన్న వాస్తు చూసినాయన ఈశాన్యంలో బరువు పనికిరాదన్నాడని, ఇక్కడున్న పాత సీపీయూని ఆ నైరుతి మూలకి మార్పించి ఈ తేలికదాన్ని పెట్టించా. నాలుగో నంబరంటే ఈ బల్లే కదా అనుకున్నా... పొద్దున మెకానిక్ మొట్టమొదట ఫార్మాట్ కొట్టింది ఆ పాతదాన్నే!"